రెండు సైజులు పెద్దది

తెల్లారగానే టైలరమ్మ చేసే మొదటి పని, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోవడం. అత్తగారి దుప్పటి ఊపిరికి లేచి పడుతోందా, భర్త గురక వినిపిస్తోందా, కూతురి గది గుమ్మంలో చెప్పులున్నాయా? ఇవన్నీ చూసుకున్నాకే ఆవిడ వంటగదిలోకి వెళ్తుంది. ఆ రోజు అత్తగారి దుప్పటి కదల్లేదు. టైలరమ్మ గబగబా వంగి ముసలావిడ ముక్కు దగ్గర వేలు పెట్టింది.

"బతికే ఉన్నానే కోడలా," అంది ముసలావిడ కళ్ళు తెరవకుండానే. "ఎప్పుడో ఒకరోజు నువ్విలా వేలు పెట్టినప్పుడే నేను దడుచుకుని పోతాను. అప్పుడు తృప్తిగా ఉంటుంది నీకు."

"అదేం మాట అత్తయ్యా!" అని లెంపలేసుకుని, భర్త గురక విని, కూతురి గది వైపు చూసింది. చెప్పులు లేవు. అంటే అప్పుడే తోటలోకి వెళ్ళిపోయింది. చీకటి పూర్తిగా విడిచిందో లేదో, పాములు తిరిగే వేళ, టార్చిలైటు తీసుకెళ్ళిందో లేదో!

కూతురిని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. మనిషి పొట్టి, నడక గట్టి. తల్లి పోలికే, తల్లి ఎత్తే. భయం ఒక్కటే తల్లి దగ్గర నుంచి రాలేదు. టౌనులో కంపెనీ ఉద్యోగం మానేసి పోయినేడు ఇంటికొచ్చేసి, ఇంటి వెనక నిమ్మతోట తన చేతిలోకి తీసుకుంది. అదేం పెద్ద తోట కాదు. నిమ్మచెట్ల వరసలు, వాటి పక్కన కూరగాయల మడులు, అవి దాటాక వాగు వైపుకి దిగే వాలు, అంతే. చిన్నదే అయినా కలుపు మాత్రం చిన్నగా పెరగదు కదా!

కాసేపటికి పిడుగు కాళ్ళకి మట్టితో వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. అప్పటికే అక్కడ డ్రైవరు గారు టీ తాగుతున్నారు. ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యారు. బస్సు దిగి చాలాకాలమైనా వీధిలో అందరూ డ్రైవరు గారనే పిలుస్తారు. ఆయన కూడా కుర్చీలోంచి లేచే ముందు ఇప్పటికీ ఓసారి కుడి భుజం మీంచి వెనక్కి చూసుకుంటారు.

"నాన్నా, చిన్న ట్రాక్టరే ఖాయం చేస్తున్నాను. శనివారం తోటలో నడిపి చూపించడానికి తెస్తామన్నారు," అంది పిడుగు.

"చిన్నదేంటే!" ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఇంత పెద్ద బస్సు నడిపిన నేను ఆ బుల్లిదాని మీద కూర్చుంటే తోట దున్నుతున్నట్టుండదు, పిల్లల పార్కులో తిరుగుతున్నట్టుంటుంది. కొంటే యాభై హెచ్‌పీ కొనాలి. మనం రోడ్డెక్కితే జనం పక్కకి తప్పుకోవాలి."

"జనం తప్పుకుంటారు సరే, చెట్లు తప్పుకుంటాయా?"

ముసలావిడ మంచం మీంచే కిసుక్కున నవ్వింది.

"యాభై హెచ్‌పీ మన వరసల మధ్య పట్టదు నాన్నా. కొమ్మలు విరుగుతాయి. అంత బరువు తొక్కితే నేల గట్టిపడి వేళ్ళకి ఊపిరాడదు."

"అసలు ట్రాక్టరెందుకు తల్లీ?" టైలరమ్మ రొట్టె ముక్క కూతురి ముందు పెట్టింది. "పారలున్నాయి, కూలీలున్నారు. మొన్న పేపర్లో చూశావా, ఎక్కడో ట్రాక్టరు బోల్తా పడి..."

"అమ్మా, నువ్వు పేపర్లో అవి తప్ప ఏమీ చదవవా?"

"అవే కనిపిస్తాయి మరి, నేనేం చెయ్యను?"

పిడుగు నవ్వబోయి ఆగింది. "పోయినేడు ఏం జరిగిందో చూశావు కదమ్మా. అద్దె ట్రాక్టరు వాళ్ళు తీరిగ్గా వచ్చేసరికి నేల పదును ఆరిపోయింది. కలుపు చెట్ల నడుం దాకా పెరిగింది. కాయంతా గోలీలంత అయి రాలిపోయింది. ఈ ఏడు కూడా తొలి వానకి దున్నలేకపోతే ఈ తోట నా వల్ల కాదు. కంపెనీ వాళ్ళు వచ్చేయమని అడుగుతూనే ఉన్నారు. వెళ్ళిపోతాను."

ఆ చివరి మాట టైలరమ్మ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

వెళ్ళిపోతే? మళ్ళీ ఆ టౌను, ఆ లారీలు, కరెంటు పోతే మధ్యలో ఆగిపోయే ఆ లిఫ్టు. కూతురు అక్కడున్నన్నాళ్ళూ ఫోను దిండు పక్కనే పెట్టుకుని పడుకుంది ఆవిడ. మోగితే ఎందుకు మోగిందో అని భయం, మోగకపోతే ఎందుకు మోగలేదో అని భయం. ఈ ఏడాదే కాస్త కడుపునిండా తింటోంది. పోనీ వెళ్ళకుండా ఉంటుందంటే ట్రాక్టరు! ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

శుక్రవారం టైలరమ్మ కుట్టిన యూనిఫాంలు కొన్ని స్కూల్లో ఇచ్చేసి, ఇంటికి రాకుండా ట్రాక్టర్ల షోరూంకి వెళ్ళింది. లోపలంతా కొత్త టైర్ల వాసన. టై కట్టుకున్న షోరూం మనిషి ఎదురొచ్చాడు.

"మా అమ్మాయి ఒకటి ఖాయం చేసిందట. అది చూపించండి."

అతను చూపించాడు. టైలరమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. సీటు ఆవిడ నడుం దగ్గరే ఉంది. చక్రాలు సన్నగా ఉన్నాయి. చేత్తో తోస్తే పడిపోతుందేమో అనిపించి, నిజంగానే ఓసారి తోసి చూసింది.

"ఇది బండా, బొమ్మా?"

"తోటలకి ఇదే బాగుంటుంది మేడమ్."

"అది సరే. వీటన్నిట్లో బోల్తా పడనిది ఏది?"

షోరూం మనిషిని అప్పటిదాకా డీజిలు ఎంత తాగుతుందని అడిగినవాళ్ళున్నారు, రంగులెన్ని ఉన్నాయని అడిగినవాళ్ళున్నారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు.

"జాగ్రత్తగా నడిపితే ఏదీ పడదు మేడమ్."

"జాగ్రత్తగా నడపకపోతే?"

అతను టై సర్దుకున్నాడు. "అంటే... మామూలుగా బరువైనది, వెడల్పైనది కాస్త నిలకడగా ఉంటుంది."

ఇంకేం కావాలి! డ్రైవరు గారు బస్సు నడిపే రోజుల్లో వాన పడ్డప్పుడల్లా టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఏడుపు మొహం పెట్టేది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ప్రతిసారీ ఒకటే మాట అనేవారు: "పిచ్చిదానా, బస్సంటే ఏనుగు. ఏనుగుకి ఏమవుతుందే? భయపడాల్సింది చిన్న బళ్ళ వాళ్ళు." ఏరు దాటేవాళ్ళు తాడు పట్టుకున్నట్టు ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ ఆయన ఉద్యోగమంతా దాటేసింది. ఆయన క్షేమంగా రిటైరయ్యారు కాబట్టి ఆ మాట నిజమే అయ్యుండాలి కదా!

షోరూం చివర్లో నెత్తి మీద గొడుగులా టాపు పెట్టుకుని, ఆవిడంత ఎత్తు చక్రాలతో ఒకటి నిలబడి ఉంది. ఏనుగే.

"రేపు ఆ చిన్నది వద్దు. దీన్ని తీసుకురండి. నేను వాళ్ళమ్మని," అంది టైలరమ్మ.

పెద్ద బేరం తగలడంతో షోరూం మనిషి ముఖం చేటంతయ్యింది. ఇంటికొచ్చిన టైలరమ్మ కూడా ఆ సాయంత్రం కూనిరాగం తీస్తూ కాజాలు కుట్టింది. ముసలావిడ అనుమానంగా చూసి, "ఏమైందే నీకు? ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

మర్నాడు ట్రాక్టరు కంటే ముందు దాని చప్పుడు వచ్చింది. కోళ్ళు కంచె దాటి పారిపోయాయి. గేటు రెండు రెక్కలూ బార్లా తీసినా చాల్లేదు. అద్దం ఒకటి లోపలికి మడిస్తే గాని షోరూం మనిషి దాన్ని పెరట్లోకి తేలేకపోయాడు. వచ్చి, బట్టలారేసే తాడు పక్కన ఆపాడు. ఆ వెనక నిమ్మచెట్ల వరసలు ఒక్కసారిగా మొక్కల్లా కనిపించాయి.

పిడుగు చేతిలో ఉన్న పార కింద పడేసింది. "ఇదేంటి? నేను చెప్పింది ఇది కాదు కదా!"

"ఇంట్లోవాళ్ళు వచ్చి మార్చమన్నారు మేడమ్..."

పిడుగు గిర్రున తండ్రి వైపు తిరిగింది. "నాన్నా!"

డ్రైవరు గారు ఆ బండిని చూసి మురిసిపోతూ నిలబడి ఉన్నారు. ఆ పిలుపుకి ఉలిక్కిపడి, నోరు తెరవబోయి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్యని చూశారు. ఆవిడ మెడలో వేలాడే టేపుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ టేపు అలా ఎప్పుడు చుట్టుకుంటుందో ఆయనకి తెలుసు.

"ఆ... నేనేలే," అన్నారు డ్రైవరు గారు. "ఓసారి చూస్తే పోయేదేముందని."

"పోయేదేముందా? నా మాట పోయింది నాన్నా! ఏడాదిగా ఈ మట్టిలో చస్తున్నది నేను. ఏ చెట్టుకి ఎంత నీళ్ళు కావాలో నాకు తెలుసు, ఎంత బండి కావాలో మాత్రం నాకు తెలీదనుకున్నావు. నువ్వు రోడ్డు మీద దర్జాగా కనిపించాలి, అంతేగా? దానికోసం నా చెట్లు కొట్టేయాలా?"

"అది కాదే..."

"వద్దు. నాకు అర్థమైంది. ఇవాళే కంపెనీకి ఫోను చేస్తాను."

డ్రైవరు గారు తల దించుకున్నారు. అంత పెద్దమనిషి, తప్పు చేసిన పిల్లాడిలా నేల చూపులు చూస్తున్నారు. టైలరమ్మ అది చూడలేకపోయింది. గుమ్మం దిగి వచ్చి, "ఆయన్నేం అనకే. మార్పించింది నేను," అంది.

పిడుగు నమ్మలేనట్టు చూసింది. "నువ్వా? నీకు ట్రాక్టరంటేనే వద్దు కదా!"

"వద్దు. తప్పదన్నావు. తప్పనప్పుడు పెద్దదైతే బోల్తా పడదని..." భర్త వైపు చూసింది. "మీ నాన్న చెప్పేవారు, ఏనుగుకి ఏమవుతుందని."

"నేనా? నేనెప్పుడు చెప్పానే?" అన్నారు డ్రైవరు గారు.

"వాన పడ్డప్పుడల్లా!"

ఆయన కళ్ళు పెద్దవి చేశారు. "ఓసి నీ అమాయకత్వం తగలెయ్య! నువ్వు ఏడుస్తుంటే ఏదో ఒకటి చెప్పి బయటపడాలి కదా. డిపోలో ప్రతి డ్రైవరూ పెళ్ళాంతో అదే చెబుతాడు!"

ముసలావిడ గుమ్మంలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంత మంచి గొడవ మంచం మీంచి వింటే సరిగ్గా ఆనదు.

కానీ పిడుగుకి నవ్వు రాలేదు. "అమ్మా, నేను టౌనులో ఉంటే లారీ కింద పడతానని భయం. ఇంటికొస్తే ట్రాక్టరు కింద పడతానని భయం. తోటకెళ్తే పాము, వాగుకెళ్తే నీళ్ళు, ఊరికే కూర్చుంటే జ్వరమొచ్చిందేమో అని. నన్ను ఎక్కడ ఉండమంటావు చెప్పు? నీ కుట్టుమిషను సొరుగులో ఉండనా, దారపుండల పక్కన?"

నిజానికి ఆ ఆలోచన టైలరమ్మకి అంత చెడ్డగా కూడా అనిపించలేదు.

"సరే, తెప్పించావు కదా. చూడు మరి," అని పిడుగు కోపంగా వెళ్ళి ఆ ఏనుగు పక్కనున్న మెట్టు మీద కాలు పెట్టింది. మొదటిసారి కాలు జారింది. రెండోసారి టాపు కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఎక్కింది. షోరూం మనిషి "మెల్లగా మేడమ్" అంటూనే ఉన్నాడు, ఆమె సీటు అంచుకి జారి క్లచ్చి తొక్కి, స్టార్టు చేసి, గేరు వేసి, క్లచ్చి వదిలేసింది.

బండి ఒక్క గెంతు గెంతింది. టాపు వెళ్ళి బట్టలారేసే తాడుకి తగిలింది. తాడు తెగి, దాని మీద ఆరేసిన బడి పిల్లల చొక్కాలూ గౌనులూ దండలా టాపుకి వేలాడుతూ, ఊరేగింపుకి బయల్దేరినట్టు నిమ్మచెట్ల వైపు సాగాయి. "బ్రేకు! బ్రేకు!" డ్రైవరు గారు ఉత్తి నేల మీద నిలబడే కుడికాలితో బ్రేకు తొక్కుతున్నారు. పిడుగు సీటులోంచి లేచి, స్టీరింగు పట్టుకుని, నిలబడి, ఒంటి బరువంతా వేసి తొక్కింది. మొదటి చెట్టు కొమ్మ ఒకటి పటుక్కుమంది. బండి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కొన్ని నిమ్మకాయలు మాత్రం దొర్లుకుంటూ వచ్చి ముసలావిడ కాళ్ళ దగ్గర ఆగాయి.

అందరూ టైలరమ్మ కెవ్వున అరుస్తుందని చూశారు. ఆవిడ అరవలేదు. నెమ్మదిగా నడిచి వెళ్ళింది. షోరూం మనిషి ఎక్కి ఇంజను ఆపేశాడు. పిడుగు వగరుస్తూ సీటులో వెనక్కి కూర్చుంది. కూర్చోగానే కాళ్ళు రెండూ గాల్లో వేలాడాయి. పాదాలకీ ఆ ఇనప పెడళ్ళకీ మధ్య నుంచి అవతలి చెట్టు కనిపిస్తోంది.

టైలరమ్మ మెట్టు మీదకి ఎక్కింది. మెడలో టేపు తీసింది. కూతురి మోకాలి దగ్గర నుంచి మడమ దాకా కొలిచింది. సీటు అంచు నుంచి పెడలు దాకా కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"అందట్లేదు," అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "బ్రేకు అందట్లేదు నీకు. నేనే... నా చేత్తో నేనే నిన్ను బ్రేకు అందని బండి ఎక్కించాను."

పిడుగు కోపం ఆ నీళ్ళు చూడగానే సగం కరిగింది. "నువ్వెప్పుడూ ఇంతేనమ్మా," అంది. గొంతు మెత్తబడింది. "గుర్తుందా, చిన్నప్పుడు నా యూనిఫాం ఎప్పుడూ రెండు సైజులు పెద్దది కుట్టేదానివి. మోకాళ్ళ దాకా ఉండాల్సిన గౌను చీలమండల దాకా ఉండేది. పరుగు పందెంలో తట్టుకుని పడ్డాను."

"బిగుతైతే ఊపిరాడదేమో అని. ఎలాగూ పెరుగుతావు కదా అని..."

"నేను పెరగలేదమ్మా." పిడుగు తన కాళ్ళు చూసుకుంది. "ఇంతే ఉండిపోయాను. నీ అంతే."

టైలరమ్మకి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఊళ్ళో అందరి పిల్లలకీ ఒంటికి అతికినట్టు కుట్టే చెయ్యి తనది. తన పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం టేపు పక్కన పెట్టేసి భయంతో కొలిచింది. భయంతో కొలిస్తే ఏదైనా పెద్దదే అవుతుంది మరి.

ముక్కు తుడుచుకుని కిందికి దిగింది. తెగిన తాడు టాపు మీంచి లాగి, దాని మీది గౌనులు ఒక్కొక్కటీ తీసి భుజాన వేసుకుంది.

"గట్టి కుట్టు వేసేముందు కచ్చా కుట్టు వేసి ఒంటి మీద పెట్టి చూస్తాం," అంది. "బండికి మాత్రం ఎందుకు చూడకూడదు? ఏమండీ, ఇటు రండి. బాబూ, మీరు కూడా. ఈ ఏనుగు వెడల్పెంత, పొడవెంత, పట్టండి టేపు."

తాడుని బండి కొలతకి దీర్ఘచతురస్రంగా సాగదీసి, మూలకొకరు పట్టుకున్నారు. ముందు మూలల్లో డ్రైవరు గారు, పిడుగు. వెనక మూలల్లో టైలరమ్మ, టై భుజం మీదకి వేసుకున్న షోరూం మనిషి. నలుగురూ తాడు బిగుతుగా పట్టుకుని నిమ్మచెట్ల మధ్యకి నడిచారు. ముసలావిడ కుర్చీలోంచే చెయ్యి ఊపింది.

"రైట్, రైట్! ఫుట్‌బోర్డు మీద నిలబడకండి!"

మొదటి వరసలో సగం దూరం వెళ్ళేసరికే డ్రైవరు గారి చొక్కా ముళ్ళకి చిక్కుకుంది. "ఆపండి, ఆపండి!" వరస చివర మలుపు తిరగాల్సి వచ్చింది. తాడు వదలకుండా తిరగబోతే ఆయన పూర్తిగా చెట్టులోకే వెళ్ళిపోయారు.

"ఏరా, బస్సు రివర్సు తియ్యి!" అంది ముసలావిడ.

"అమ్మా, నువ్వు నోరు మూసుకో!" అని చెట్టులోంచి జవాబొచ్చింది.

పిడుగు తాడు పట్టుకునే కింద కూలబడి నవ్వుతోంది. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు. డ్రైవరు గారు ఒంటి నిండా గీరుకుపోయి, జేబు చిరిగి బయటికి వచ్చారు. "సరే. పట్టదు. ఒప్పుకుంటున్నాను. ఇక ఆ చిన్నదాని కొలత పెట్టండి."

ఈసారి తాడు చిన్నదైంది. నలుగురూ ఒకరి భుజాలు ఒకరు రాసుకుంటూ వరసంతా నడిచి, మలుపు తిరిగి, ఒక్క ఆకు రాలకుండా ఇటువైపు వచ్చేశారు. పిడుగు తండ్రి వైపు గొప్పగా చూసింది. కానీ ఆయన అటు చూడట్లేదు. వాగు వైపు వాలుని చూస్తున్నారు.

"కాయ కోశాక బుట్టలు ఎక్కడి నుంచి తేవాలి? ఆ కింది వరసల నుంచేగా? ట్రాలీ నిండా కాయతో ఈ చిన్నది ఆ ఎత్తు ఎక్కుతుందా?"

షోరూం మనిషి నిజం చెప్పాడు. "నిండు ట్రాలీ అయితే కష్టం సార్. ముందు చక్రాలు తేలిపోతాయి."

"ఏంటి తేలిపోయేది!" టైలరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

పిడుగు ముఖంలో గొప్ప తగ్గింది. "దున్నడమే చూసుకున్నాను నాన్నా. మొయ్యడం ఆలోచించలేదు."

"నిండు బస్సుతో ఘాట్ రోడ్డు ఎక్కినవాణ్ణి. ఖాళీ బండికీ నిండు బండికీ తేడా నాకు తెలుసు," అన్నారు ఆయన, చిరిగిన జేబు సర్దుకుంటూ. "నాకు తెలిసింది అదొక్కటే అనుకో."

"రెండింటికీ మధ్యలో ఒకటుంది," అన్నాడు షోరూం మనిషి. "ఇరవై ఎనిమిది హెచ్‌పీ. తోటల కోసమే సన్నగా చేశారు. నాలుగు చక్రాలూ లాగుతాయి, నిండు ట్రాలీతో ఈ ఎత్తు ఎక్కుతుంది."

"వెనక ఇనప కమాను ఉంటుందా? బోల్తా పడినా మనిషి నలగకుండా?" టైలరమ్మ అడిగింది.

"ఉంటుంది మేడమ్. బెల్టు కూడా."

"సీటు ముందుకి జరుగుతుందా?"

"జరుగుతుంది."

"ఆ మాట నాకు చాలదు," అంది టైలరమ్మ. "సోమవారం వస్తాం. మా అమ్మాయి ఎక్కి కూర్చుని కాలు చాపుతుంది. నేను కొలుస్తాను. బ్రేకు నిండుగా అందితేనే ఇంటికి వచ్చేది."

పిడుగు తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. "పెరుగుతాను కదా అని ఇంకాస్త లూజు పెట్టవు కదా?"

"ఛీ, పో!"

కొలత సరిపోయింది. కొత్త బండి వచ్చిన వారానికి తొలి వాన పడింది. వాన వెలిసి ఎండ కాసిన పొద్దున పిడుగు బండి వెనక మట్టిని గుల్ల చేసే రోటవేటరు తగిలించుకుని తోటలోకి వెళ్ళింది. టైలరమ్మ కిటికీ పక్కకి మిషను జరుపుకుని, రెండు కుట్లకొకసారి తలెత్తి చూస్తోంది. బండి కనబడితే తేడాగా శబ్దం వస్తోందేమో అని వినడం, శబ్దం బాగుంటే కనబడట్లేదేమిటా అని చూడటం.

మిషను మీద పిడుగు ఫోను మోగింది. కంపెనీ పేరు. ఎత్తి "లేదు" అనేయొచ్చు. ఎత్తకుండా ఊరుకోవచ్చు. టైలరమ్మ ఆ రెండూ చెయ్యలేదు. ఫోను పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, తడి మట్టిలో జారుతూ తోటలోకి పరిగెత్తింది. పరిగెడుతూ, "పడతానేమో" అనుకోవడం కూడా మర్చిపోయింది.

పిడుగు ఇంజను ఆపి ఫోను తీసుకుంది. "చెప్పండి సార్... లేదు సార్, రావట్లేదు... ఆలోచించుకునే చెబుతున్నాను... సార్, నేల పదునులో ఉంది. మధ్యాహ్నానికి ఆరిపోతుంది. ఉంటాను."

ఫోను జేబులో వేసుకుని తల్లిని చూసింది. కాళ్ళకి మోకాళ్ళ దాకా మట్టి, మెడలో టేపు, కళ్ళల్లో నీళ్ళు.

"ఇప్పుడెందుకే ఏడుపు?"

"ఏమో. వచ్చింది."

పిడుగు కిందికి దిగింది. "ఎక్కు."

"నేనా? అమ్మో!"

"ఇంజను ఆపేశాను. గేరులో పెట్టాను. ఎక్కు అమ్మా, నీ కొలతతో కొన్న బండే కదా. నీ కాలే నా కాలు."

టైలరమ్మ కమాను పట్టుకుని ఎక్కింది. కూర్చోగానే బెల్టు పెట్టుకుంది. పాదం చాపింది. పాదమంతా నిండుగా బ్రేకు మీద ఆనింది. రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఆ బ్రేకు అలాగే తొక్కి పట్టుకుని కూర్చుంది. అంత ఎత్తు నుంచి ఇల్లు కనిపించింది, గుమ్మంలో ముసలావిడ కనిపించింది, చిరిగిన జేబు చొక్కాతోనే కోళ్ళ వెనక తిరుగుతున్న భర్త కనిపించారు. దున్నిన మట్టి వాసన వస్తోంది.

"అమ్మా, ఇంకా ఎంతసేపు తొక్కుతావు? కాలు తియ్యి. ఎక్కడికీ పోదు."

"నిజంగా పోదా?"

"పోదమ్మా."

టైలరమ్మ ఒకసారి కుడి భుజం మీంచి వెనక్కి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా బ్రేకు మీంచి కాలు తీసింది.